చిన్నపిల్లలతో పెరట్లో: రోజువారీ పనుల్లోనే విశ్వాసం నేర్పడం ఎలా

పిల్లలకు దేవుని మాట ఎప్పుడు చెప్పాలో ద్వితీయోపదేశకాండం 6:7 నాలుగు వేళలు పేర్కొంటుంది: ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు. నాలుగూ ఎలాగూ గడిచిపోయే వేళలే. రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో అవి స్నానాలకీ, గోరుముద్దలకీ, తగవులు తీర్చడానికీ, నిద్రపుచ్చడానికీ సరిపోతాయి. బైబిలు తెరిచే తీరికే దొరకడం లేదని తల్లులు నొచ్చుకునేది ఈ వయసు పిల్లలున్నప్పుడే. ఆ వాక్యం మాత్రం కొత్తగా తీరిక చేసుకోమని అడగదు, చేతిలో ఉన్న పని దగ్గరే మాట్లాడమంటుంది. కాబట్టి ఆ పనులతో, ఇంటి వెనకున్న నాలుగు గజాల నేలతో మొదలుపెడదాం.

ముందు చూపు, తర్వాత మాట

ఈ పద్ధతంతా ఒక్క క్రమం మీద నిలబడుతుంది: పిల్లవాడు ముందు చూడాలి, తర్వాత మాట రావాలి, వాక్యం ఆఖరున రావాలి. మనం సాధారణంగా దీన్ని తలకిందులు చేస్తాం. కరివేపాకు మీద పురుగు కనబడగానే "చూశావా, దేవుడు ఎంత గొప్పవాడో!" అనేస్తాం. పిల్లవాడు "ఊఁ" అని లేచి వెళ్లిపోతాడు. వాడికి ఇంకా ప్రశ్నే పుట్టలేదు, మనం జవాబు చేతిలో పెట్టేశాం.

ఇలా చేయండి. పిల్లవాడి ఎత్తుకు దిగి గొంతుక్కూర్చోండి. ఒకటి రెండు నిమిషాలు నోరు విప్పకండి. వాడు ఏదైనా అంటే ("మెత్తగా ఉంది", "కదులుతోంది") అదే మాటను తిరిగి అనండి: "అవును, కదులుతోంది." తర్వాత, చూస్తే జవాబు దొరికే ప్రశ్న ఒకటి అడగండి: ఎటు పోతోంది? ఆకు ఏ అంచు నుంచి తింటోంది? అప్పుడు, వాడి ముఖంలో సంతోషం కనబడితేనే, ఒక్క వాక్యం: "దీన్ని కూడా దేవుడే చేశాడు నాన్నా." అక్కడితో ఆపండి. వారంలో రెండు మూడుసార్లు ఆ వాక్యం వచ్చినా చాలు. మిగతా రోజుల్లో చూడటమే సరిపోతుంది. ఆదికాండం 1:31లో దేవుడు తాను చేసినదంతా "చూచినప్పుడు" అది చాలా మంచిదిగా ఉండెనని ఉంది. అలా కూర్చుని చూడటం దేవుడు ముందుగా చేసిన పనే.

ఇక్కడే ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. "అలా చేస్తే దేవుడు కొడతాడు", "కళ్లు పోతాయి" అనే మాటలు మన ఇళ్లలో చాలా తేలిగ్గా వచ్చేస్తాయి. అన్నం తినిపించడానికీ, అల్లరి మాన్పడానికీ దేవుణ్ణి బూచిగా వాడితే, పెరట్లో నెల రోజులు పెంచిన ప్రేమ ఒక్క పూటలో చెడుతుంది. ఇంట్లో నానమ్మ, అమ్మమ్మలకు కూడా నెమ్మదిగా చెప్పి ఈ మాటలు మాన్పించండి. అల్లరికి హద్దు పెట్టవలసిన వాళ్లు మీరే, ఆ పనికి దేవుని పేరు వద్దు.

పెరడు సిద్ధం చేయడం

పిల్లవాణ్ణి "వద్దు, ముట్టుకోకు" అనకుండా తిరగనివ్వాలంటే నేల ముందే భద్రంగా ఉండాలి. ఒక ఆదివారం సాయంత్రం గంటసేపు పెరడంతా మోకాళ్ల ఎత్తు నుంచి చూడండి, ఎందుకంటే ప్రమాదాలన్నీ ఆ ఎత్తులోనే ఉంటాయి.

మొదట నీళ్లు. సంపు మూత పిల్లలు ఎత్తలేనంత బరువుగా ఉండాలి. బకెట్లు, తొట్లు వాడిన వెంటనే బోర్లించండి. ఏడాది రెండేళ్ల పిల్లలు తలకిందులుగా పడితే నాలుగంగుళాల నీళ్లలోనైనా మునిగిపోతారు. కేకైనా వినబడదు.

తర్వాత మొక్కలు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజలు, ఆముదం గింజలు, కంచెకు వేసే నేపాళం (అడవి ఆముదం), ఇవన్నీ విషాలు. నేపాళం కాయలు తియ్యగా ఉంటాయని పిల్లలు గుంపుగా తిని వాంతులతో ఆసుపత్రి పాలవుతుంటారు. పిల్లలు పెద్దయ్యే వరకు వీటిని తీసేయడమే మేలు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఏదైనా తిన్నారని అనుమానం వస్తే వాంతి చేయించకండి. ఆ మొక్క రెమ్మ ఒకటి తీసుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ఇటుకల గుట్టలు, ఎండుటాకుల పోగులు, కొబ్బరి మట్టల కింద తేళ్లు, జెర్రులు, పాములు చేరతాయి. వానాకాలంలో వాటిని పెద్దవాళ్లే కర్రతో కదిపి చూడాలి. పల్లేరు కాయలున్న చోట చెప్పులు తప్పనిసరి.

అపార్టుమెంటులో ఉంటే రెండు కుండీలు, ఒక నీళ్ల పళ్లెం చాలు. కుండీలను, కుర్చీలను గ్రిల్లుకు కనీసం మూడడుగుల దూరంలో ఉంచండి. గ్రిల్లు పక్కనున్న కుండీ పిల్లవాడికి మెట్టు.

గింజలు: ఓపికకు మొదటి పాఠం

చిన్నపిల్లలకు త్వరగా మొలిచేవే ఇవ్వాలి. పెసలు రాత్రి నానబెడితే మర్నాటికి మొన వస్తుంది, మట్టిలో మూడు నాలుగు రోజుల్లో పైకి లేస్తాయి. మెంతులూ ఆవాలూ కూడా అంతే. తోటకూర నాలుగు నుంచి ఆరు రోజుల్లో మొలిచి, 25 నుంచి 30 రోజుల్లో కోతకొస్తుంది. మూడేళ్ల పిల్లవాడికి మామిడి టెంక ఇస్తే రెండో వారానికి దాన్ని మరిచిపోతాడు.

కుండీకి మట్టి పాళ్లు: ఎర్రమట్టి రెండు వంతులు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక వంతు, ఇసుక ఒక వంతు. పచ్చిపేడ కలిపితే అది కుళ్లుతూ వేడెక్కి లేత వేళ్లను మాడుస్తుంది. అడుగున పెన్సిల్ లావు రంధ్రాలు నాలుగైదు ఉండాలి.

పిల్లలు చేసే తప్పులు మూడే. గింజను వేలంత లోతుకు తోసేస్తారు. గింజ మందానికి రెండింతల లోతు చాలని చెప్పి, చిక్కుడుకు మొదటి కణుపు వరకు, ఆవాలకు పైన మట్టి చల్లడం మాత్రమే అని చూపించండి. రెండో తప్పు, నీళ్లు పోస్తూనే ఉండటం. గింజ ఊపిరాడక కుళ్లుతుంది. చిన్న సీసా మూతకు వేడి సూదితో ఏడెనిమిది రంధ్రాలు మీరే చేసి ఇవ్వండి, ఎంత ఒంపినా చినుకులే పడతాయి. మూడోది, మొలిచిందో లేదోనని రోజూ తవ్వి చూడటం. దీనికి మందలింపు పనిచేయదు. ఒక గాజు గ్లాసులో తడిగుడ్డ చుట్టి, గాజుకూ గుడ్డకూ మధ్య నాలుగు పెసలు పెట్టండి. మట్టిలో జరిగేది అక్కడ కళ్లకు కనబడుతుంది.

నీళ్లు పోసేటప్పుడు చెప్పగలిగిన వాక్యం మార్కు 4:28 భావం: భూమి తనంతట తానే మొదట మొలకను, తర్వాత వెన్నును ఇస్తుంది. "నువ్వు నీళ్లు పోశావు. రాత్రి నువ్వు నిద్రపోయినప్పుడు ఎవరు పెంచారు?" అని అడిగి ఊరుకోండి.

ఒక హెచ్చరిక. "ప్రార్థన చేస్తే మొలుస్తుంది" అని మాట ఇవ్వకండి. లోతు ఎక్కువైన గింజ ప్రార్థన చేసినా మొలవదు. అప్పుడు పిల్లవాడి మనసులో చెడిపోయేది గింజ మీది నమ్మకం ఒక్కటే కాదు. ప్రార్థనను కృతజ్ఞతగా, అడగడంగా నేర్పండి. మొలవకపోతే కలిసి తవ్వి, గింజ ఎలా ఉందో చూసి, కారణం చెప్పి, మళ్లీ నాటండి.

ఐదేళ్లు దాటిన పిల్లలకు విత్తువాని ఉపమానాన్ని (మత్తయి 13: త్రోవ పక్కన, రాతినేలలో, ముండ్లపొదల్లో, మంచి నేలలో పడ్డ విత్తనాల కథ) నాలుగు కుండీల్లో చూపించవచ్చు. ఒకదాంట్లో మట్టిని కాలితో గట్టిగా తొక్కి, గింజల్ని పైన ఊరికే చల్లి వదిలేయండి. రెండోదాంట్లో నిండా గులకరాళ్లు పోసి పైన అంగుళం మట్టి. మూడోదాంట్లో గరిక గడ్డిని వేళ్లతో సహా నాటి దాని మధ్య. నాలుగోది మంచి మట్టి. ఒక్కోదానికి లెక్కపెట్టి పది పెసలు. మొదటి కుండీలోవి ఒకటి రెండు రోజుల్లో చీమలో, గోరింకలో ఎత్తుకెళ్తాయి. అందుకే ఈ కుండీని వల కింద పెట్టకూడదు. రెండోదాంట్లో మొలకలు బాగానే వస్తాయి, పిల్లలు సంబరపడతారు. ఇక్కడే ఈ పని చాలామందికి చెడిపోతుంది: పిల్లలు రోజూ నీళ్లు పోస్తుంటే రాతికుండీ ఎండదు, ఉపమానం తప్పన్నట్టు కనిపిస్తుంది. మొలకలు రెండాకులు తొడిగాక నాలుగు కుండీలకూ రెండు రోజులు నీళ్లాపి ఎండలో పెట్టండి. రాతికుండీలోవి ముందు వాలిపోతాయి. ఒకదాన్ని పీకి వేరు చూపించండి, మంచి మట్టిలోని వేరు పక్కన పెట్టండి. "వేరు లేనందున ఎండిపోయెను" అన్న మాటకు అర్థం వాళ్ల అరచేతిలో ఉంటుంది. గరిక కుండీకి మూడు వారాలు పడుతుంది, ఆగండి.

పిట్టలు

వెడల్పైన మట్టి పళ్లెంలో రెండు వేళ్ల లోతున నీళ్లు, మధ్యలో పిట్ట నిలబడటానికి ఒక రాయి. పిల్లి దాక్కునే పొదకు దూరంగా, పిట్టకు చుట్టూ కనబడేలా పెట్టాలి. రోజూ నీళ్లు పారబోసి కొబ్బరి పీచుతో రుద్దడం పిల్లవాడి పని. వారం పదిరోజులు కదలని నీళ్లలో డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా పెరిగిపోతుందని వాడికి చెప్పండి. గింజలకు నూకలు, కొర్రలు, జొన్నలు మంచివి. ఉప్పు వేసిన అన్నం, చిప్స్ వద్దు. మన ఊళ్లలో వసారా చూరుకు వరికంకుల కుచ్చులు వేలాడదీసే అలవాటు ఇంకా ఉంది. పిచ్చుకలకు అంతకన్నా మంచి బల్ల లేదు.

నీళ్లు పెట్టిన మొదటి వారం ఏ పిట్టా రాకపోవచ్చు. పళ్లెం చోటు మార్చకండి, అవి గమనిస్తూనే ఉంటాయి. వచ్చాక రోజుకొక పేరు నేర్పండి: పిచ్చుక, గోరింక, పిగిలిపిట్ట, తేనెపిట్ట. "ఆకాశపక్షులను చూడుడి" అని మత్తయి 6:26లో ప్రభువు చెప్పింది చూడమనే. అయితే అవి ఊరికే కూర్చుంటే తిండి రాదని కూడా పిల్లలు గమనిస్తారు. తేనెపిట్ట పొద్దున్నించీ పువ్వుపువ్వుకూ తిరుగుతూనే ఉంటుంది. "దేవుడు పెడతాడు, పిట్ట వెతుక్కుంటుంది" అని రెండూ కలిపి చెప్పండి.

గూడు కనబడితే రోజుకు ఒక్కసారి, మూడు నాలుగు గజాల దూరం నుంచి, నిమిషంసేపు. తల్లి గుడ్లమీదో పిల్లలమీదో కూర్చుని ఉంటే దాన్ని పట్టకూడదని ద్వితీయోపదేశకాండం 22:6, 7లో ఆజ్ఞే ఉంది. పిట్టగూటి గురించి దేవుడు చట్టం చేశాడని వింటే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. కిందపడిన పిల్లకు ఈకలు వచ్చి ఉంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, దగ్గరి కొమ్మ మీద పెట్టి తప్పుకోండి. ఈకలు లేకపోతే గూట్లో తిరిగి పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు.

నిమ్మచెట్టు మీది పురుగు

నిమ్మ, కరివేపాకు లేతాకుల మీద గుండుసూది తలంత లేతపసుపు గుడ్లు ఒక్కొక్కటిగా ఉంటాయి. అవి నిమ్మ సీతాకోకచిలుకవి. పురుగు మొదట అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. అదే దాని రక్షణ. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, తాకితే తల వెనక నుంచి ఘాటు వాసనతో నారింజరంగు కొమ్ములు బయటికి చాస్తుంది. గుడ్డు నుంచి రెక్కల దాకా దాదాపు నెల.

వెడల్పు సీసాలో ఒక నిలువు పుల్ల, పైన దోమతెర గుడ్డ, రోజూ తాజా ఆకులు. రెట్టలు రోజూ తుడవాలి, లేకపోతే బూజు పట్టి పురుగు చస్తుంది. బజారులో కొన్న కరివేపాకు వేయకండి, మందు కొట్టిన ఆకైతే సాయంత్రానికే చచ్చిపోతుంది. పెరటి ఆకే వాడండి. రెక్కలు వచ్చేటప్పుడు అది పుల్లను పట్టుకుని, రెక్కల్ని కిందికి వేలాడేసి ఆరబెట్టుకోవాలి, చోటు చాలకపోతే అవి ముడుచుకుపోయి ఎగరలేదు. సాయం చేద్దామని, పురుగు లోపల మారే గూటిని గిల్లనివ్వకండి.

ఒంటినిండా నూగున్న గొంగళిపురుగుల్ని, ముఖ్యంగా మునగచెట్టు మీదివాటిని, అసలు తాకకూడదు. తగిలితే గోకకుండా అంటుకునే టేపు అద్ది నూగు తీసి, సబ్బుతో కడగండి.

ఆదివారం బడిలో ఈ పురుగును పునరుత్థానానికి పోలిక చెప్పడం మామూలే. కానీ గూట్లో ఉన్నది చావలేదు, లోపల మారుతోంది. బడిలో సైన్సు చదివాక పిల్లలు ఈ తేడా పట్టుకుంటారు. రోమా 12:2లోని "రూపాంతరము పొందుడి" దీనికి సరిగ్గా అతుకుతుంది. చచ్చి బ్రతకడానికి పోలికగా ప్రభువే గోధుమగింజను ఇచ్చాడు (యోహాను 12:24).

కోడి ఉన్న ఇల్లు

పొదిగే కోడి ఉంటే క్యాలెండరులో 21 రోజులు గుర్తు పెట్టి, రోజుకొకటి పిల్లవాడి చేతే కొట్టించండి. పొదిగే కోడి పొడుస్తుంది, రెండు గజాల దూరం గీత గీయండి. పిల్లలు పుట్టాక పైన గద్ద తిరిగినప్పుడు తల్లి పిలుపు మారుతుంది, పిల్లలన్నీ రెక్కల కిందికి దూరతాయి. బయటికి కాళ్లు మాత్రమే కనబడతాయి. ఈ దృశ్యానికి మీరు చెప్పవలసింది దాదాపు ఏమీ లేదు. కీర్తన 91:4 మాత్రం ఆ రాత్రి పక్క మీద చెప్పండి: "ఆయన రెక్కల క్రింద నీకు ఆశ్రయము కలుగును." కోళ్లను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, ఒక చరణం పాడేంతసేపు.

చలికాలంలో ఇదే మాట ఆకాశంలోనూ దొరుకుతుంది. డిసెంబరు, జనవరి రాత్రులు ఎనిమిదీ తొమ్మిది మధ్య డాబా ఎక్కితే చిన్న చుక్కల గుంపొకటి పైన కనబడుతుంది. కృత్తికలంటారు, మన పల్లెల్లో పిల్లలకోడి. దాని దగ్గర్లోనే వరసగా మూడు చుక్కలున్న గొల్లకావడి. యోబు 38:31లో దేవుడు కృత్తిక, మృగశీర్షల పేర్లెత్తి యోబును అడిగిన ప్రశ్న పెద్దపిల్లలకు చదివి వినిపించవచ్చు.

ఒంటి పనులు: స్నానం, కాళ్లు, పక్క

స్నానానికి బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాత వేణ్నీళ్లు. ఈ వరస మారితే, మీరు చన్నీళ్లకు తిరిగిన క్షణంలో పిల్లవాడు చెయ్యి ముంచేస్తాడు. మోచేయి ముంచితే గోరువెచ్చగా అనిపించాలి. సబ్బు రాస్తూ ఒక్కో అవయవానికి ఒక్క మాట: "ఈ చేతులు దేవుడు చేశాడు, స్తోత్రం. ఈ బొజ్జ దేవుడు చేశాడు, స్తోత్రం." నాలుగైదుకు మించవద్దు, తలమీద నీళ్లు పోసేటప్పుడు అసలొద్దు. అప్పుడు వాడు భయంతో ఉంటాడు. ఇలా పెరిగిన పిల్లవాడు 139వ కీర్తన మొదటిసారి విన్నప్పుడు అది తన ఒంటి గురించేనని గుర్తుపడతాడు.

సాయంత్రం పెరట్లోంచి వచ్చాక కాళ్లు కడగడం నాన్న చేస్తే మంచిది. పీట మీద కూర్చోబెట్టి, వేళ్ల సందుల్లో రుద్ది, ముల్లు, కోత ఉన్నాయేమో చూసి, పొడిగుడ్డతో తుడవాలి. మూడు నిమిషాల పని. యేసు శిష్యుల కాళ్లు కడిగిన సంగతిని (యోహాను 13) ఈ పీట మీద నెలకొకసారి చెప్పండి. మిగతా రోజులు కడగడమే. అదే పీట మీద ఇంకో పని కూడా జరగాలి: పొద్దున మీరు కేకలేసి ఉంటే, "నాన్నా, నేను గట్టిగా అరిచాను, తప్పు. క్షమిస్తావా?" అని అడగండి. "కానీ నువ్వు అల్లరి చేశావు కదా" అని చేర్చకండి. క్షమాపణ అంటే ఏమిటో పిల్లలు నేర్చుకునేది ఈ మాటతోనే.

కుటుంబ ప్రార్థన మన ఇళ్లలో రాత్రి భోజనాల తర్వాత, పెద్దవాళ్ల కొలతలో సాగుతుంది. చిన్నపిల్లలు నిద్రలోకి జారడమో, నలిగి తిట్లు తినడమో జరుగుతుంది. పిల్లల భాగాన్ని భోజనానికి ముందుకు మార్చండి. మూడేళ్ల లోపు వాళ్లకు మూడు నిమిషాలు, ఐదారేళ్ల వాళ్లకు ఏడెనిమిది: ఒక పాట, ఆ రోజు పెరట్లో చూసినదాని గురించి ఒక స్తోత్రం, ఒకరి పేరు చెప్పి ఒక విన్నపం. పెద్దల ప్రార్థన తర్వాత మీ వేళలో చేసుకోవచ్చు.

కంఠత వాక్యం వారానికి సగం వచనం. గ్రాంథికం వాళ్లకు కొత్త, కాబట్టి ముందు ఇంటి మాటలో అర్థం చెప్పండి. "నాకు లేమి కలుగదు" అంటే "నాకేమీ తక్కువ కాదు" అని. ఒకే పనితో ముడిపెట్టండి: "నెమ్మదితో పండుకొని నిద్రపోవుదును" (కీర్తన 4:8) దుప్పటి కప్పేటప్పుడు, ప్రతి రాత్రి, అదే స్వరంలో. వారం తిరిగేసరికి దుప్పటి లాగగానే వాడే అంటాడు.

జ్వరం రాత్రుల్లో ప్రార్థన, మందు రెండూ ఒకే చేత్తో జరగాలి. తడిగుడ్డ వేస్తూ చిన్నగా పాడండి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే, ఏ వయసులోనైనా ఫిట్స్ వచ్చినా, ఎగశ్వాస పెట్టినా, నీళ్లు తాగకుండా మత్తుగా పడి ఉన్నా తెల్లవారేదాకా ఆగకండి.

చచ్చిన పిట్ట

పెరడున్న ఇంట్లో ఇది తప్పదు. దాచి పారేయకండి. పార మీద మీరే ఎత్తండి, పిల్లలు ముట్టకూడదు. అడుగు లోతు గుంట తీసి పాతి, కుక్కలు తవ్వకుండా రాయి పెట్టి, చేతులు కడుక్కోండి. "నిద్రపోతోంది" అని చెప్పవద్దు, ఆ రాత్రి పిల్లవాడు నిద్రకే భయపడతాడు. "చచ్చిపోయింది, ఇక కదలదు" అని సూటిగా చెప్పండి. పరలోకానికి వెళ్లిందా అని అడుగుతారు. బైబిలు చెప్పినంతే చెప్పండి: పిచ్చుకల్లో ఒక్కటైనా మన తండ్రి సెలవులేక నేలను పడదని మత్తయి 10:29 అంటుంది. "ఇది పడటం దేవుడు చూశాడు" అంటే చాలు. ఏడిస్తే ఏడవనివ్వండి. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధికి వెళ్తూ యేసు కన్నీళ్లు విడిచాడు.

సంఘ పండుగలకు పెరటినుంచి

మట్టల ఆదివారానికి మట్టలు ఇంటినుంచే తీసుకెళ్లండి. పిల్లవాడి చేతికి కొబ్బరాకు రెమ్మ అయితే మూడడుగులు చాలు, ఈనె మొన విరిచేయాలి, లేకపోతే పక్కవాళ్ల కంట్లో పొడుచుకుంటుంది.

ఈస్టరుకు మొలక చూపించాలనుకుంటే శుభశుక్రవారం నాడు విత్తితే ఆలస్యం, ఆదివారానికి మట్టి పైకి రాదు. మంగళవారం రాత్రి పెసలు నానబెట్టి బుధవారం ఉదయం విత్తండి. ఆ వేసవి వేడికి ఆదివారం పొద్దుటికి మట్టి పగిలి మెడలు వంచుకుని లేస్తాయి. శుక్రవారం, శనివారం ఏమీ కనబడదు. ఆ రెండు రోజుల నిశ్శబ్దమే పిల్లలకు చూపించవలసింది, "ఇంకా రాలేదు" అనే అననివ్వండి.

చాలా సంఘాల్లో కోతపండుగ చేసి, కానుకగా తెచ్చిన పంటను వేలం వేస్తారు. తేదీ తెలియగానే 30 రోజులు వెనక్కి లెక్కపెట్టి తోటకూర విత్తండి. ఒకటి చెడినా ఒకటి నిలిచేలా రెండు కుండీల్లో, నాలుగు రోజుల తేడాతో. విత్తనం మరీ సన్నం, నాలుగింతల పొడి ఇసుక కలిపి చల్లితే గుంపుగా పడదు. పండుగ నాటి ఉదయమే, మంచు ఆరకముందు కోయండి. ముందురోజు కోస్తే గుడికి చేరేసరికి వాడిపోతుంది. వేళ్లు కడిగి, అరటినారతో కట్టి, తడిగుడ్డ పరిచిన బుట్టలో నిలువుగా పెట్టండి. కట్ట చిన్నదిగా ఉన్నా కొన్న ఆకుకూర కలిపి పెంచకండి. బుట్ట మీరు మోసినా, బలిపీఠం దగ్గర కట్టను మాత్రం పిల్లవాడి చేతికే ఇవ్వండి.